‘కనబడుటలేదు’ జాబితాలోని 1895 జేబుదొంగ: దొరికాడా, లేదా?

#1 సందేహాల_రావు
బ్రిటన్‌లో తీసిన తొలి క్రైమ్ బొమ్మ అంటూ ‘ది అరెస్ట్ ఆఫ్ ఎ పిక్‌పాకెట్’ (1895) పేరు చాలాచోట్ల కనిపిస్తోంది. ఒక జాబితాలో "లాస్ట్ ఫిలిం" అని రాసి ఉంది. ఇంకో జాబితాలో పేరు పక్కనే క్లిప్పు ఉంది. పోయిన సినిమాకి క్లిప్పు ఎక్కడిది? పోనీ దొరికిందే అనుకుందాం. టైటిల్స్ పడవు, నటుల పేర్లు తెలియవు, మాట లేదు, మొత్తం కలిపి నిమిషం కూడా ఉండదు. "అది ఇదే" అని ఎలా తేల్చారు? యూట్యూబ్‌లో చూద్దామంటే రంగులద్ది, సెకనుకి 60 ఫ్రేములు చేసి, వెనకాల పోలీసు విజిల్ మోత కూడా పెట్టారు. 1895లో విజిల్ ఎవరు రికార్డు చేశారు బాబూ? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

#2 రీలుబాబు
దొరికింది. పాత జాబితాలను ఎవరూ దిద్దలేదు, అంతే.

1896లో తిరనాళ్ళలో ఆడించిన బొమ్మల కట్ట ఒకటి షెఫీల్డ్ యూనివర్సిటీలోని నేషనల్ ఫెయిర్‌గ్రౌండ్ ఆర్కైవ్‌కి విరాళంగా వచ్చింది. ఇంగ్లండ్‌లోని హల్ ఊరి జాతరలో జార్జ్ విలియమ్స్ అనే ఫొటోగ్రాఫర్ తన డేరాలో వేసిన ప్రోగ్రాం అది. అందులో ఉన్న ఒక ముక్క ఈ జేబుదొంగ బొమ్మేనని తర్వాత గుర్తుపట్టారు. అప్పటిదాకా ఇది పోయినవాటి లెక్కలోనే ఉండేది.

#3 టూరింగ్_టాకీస్
అంటే దొంగ ఇన్నాళ్ళూ తిరనాళ్ళలోనే తిరుగుతున్నాడన్నమాట. జేబుదొంగ ఇంకెక్కడుంటాడు.

#4 లాంతరు95
రావు గారూ, ఎలా గుర్తుపట్టారో అర్థం కావాలంటే ముందు ఇది ఎందుకు తీశారో తెలియాలి. కొంచెం పెద్ద పోస్టు, ఓపిక పట్టండి.

1894 అక్టోబరులో లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో ఎడిసన్ కైనటోస్కోపులు పెట్టారు. పైన కళ్ళు ఆనించి ఒక్కరే చూసే చెక్కపెట్టె. లోపల దాదాపు 50 అడుగుల ఫిలిం, తలా తోకా అతికించి దండలా చేసి, గిలకల మీద పైకీ కిందికీ తిప్పి పెట్టేవాళ్ళు. బ్యాటరీ మోటారుతో ఆ దండ ఆగకుండా పరిగెడుతుంది. ఇది గుర్తుపెట్టుకోండి: ప్రొజెక్టర్‌లో లాగా ఫ్రేము ఆగి కదలడం ఉండదు. ఆగని ఫిలిం మసకగా కనపడకుండా, సన్నని చీలిక ఉన్న చక్రం ఒకటి తిరుగుతూ ఒక్కో ఫ్రేమును రెప్పపాటు చూపిస్తుంది.

ఎడిసన్ ఈ పెట్టెకి బ్రిటన్‌లో పేటెంటు తీసుకోలేదు. ఇద్దరు గ్రీకు వ్యాపారులు హాటన్ గార్డెన్‌లో ఎలక్ట్రికల్ పరికరాలు తయారుచేసే రాబర్ట్ పాల్ దగ్గరికెళ్ళి, ఇలాంటివే చేసిపెట్టమన్నారు. పాల్ చేశాడు. పెట్టెలైతే వచ్చాయి గానీ, నకలు పెట్టెలున్నవాళ్ళకి ఎడిసన్ వాళ్ళు ఫిలిం అమ్మరు. బొమ్మ లేని పెట్టె ఎవరిక్కావాలి? అందుకని 1895 మొదట్లో ఫొటోగ్రఫీ బాగా తెలిసిన బర్ట్ ఏకర్స్‌తో కలిసి కెమెరా చేయించాడు. మార్చిలో బార్నెట్‌లో ఏకర్స్ ఇంటి ముందు ఒక ట్రయలు, 30న ఆక్స్‌ఫర్డ్-కేంబ్రిడ్జ్ పడవ పందెం, మే నెలలో డెర్బీ గుర్రప్పందెం, మధ్యలో బాక్సింగ్ కంగారూ, వడ్రంగి కొట్టు, డోవర్ దగ్గర అలలు... ఆ వరసలో వచ్చిందే జేబుదొంగ.

కథ ఇంతే. కానిస్టేబుల్ వెంటపడతాడు, పెనుగులాట, దారిన పోయే ఓడ కళాసీ ఒకడు చెయ్యి వేస్తాడు, దొంగ చిక్కుతాడు. ఒకే షాటు, కెమెరా కదలదు.

#5 గోదారిగట్టు
మన సినిమాల్లో పోలీసులు అంతా అయిపోయాక వస్తారు. బ్రిటిష్ వాళ్ళ తొలి బొమ్మలోనే టైముకి వచ్చేశాడే!

#6 టూరింగ్_టాకీస్
వచ్చినా పబ్లిక్ సాయం లేనిదే పట్టుకోలేదు కదా గట్టు గారూ. అదెక్కడైనా ఒకటే.

#7 పాతబొమ్మ_పద్మ
#4కి చిన్న చేర్పు. కైనటోస్కోపు కోసం తీసింది కాబట్టే ఫిలిం వెడల్పు, చిల్లుల లెక్క ఎడిసన్ కొలతలోనే ఉండాలి. లేకపోతే ఆ పెట్టెలో ఎక్కదు. ఒకటీ మూడు బై ఎనిమిది అంగుళాల వెడల్పు, అంటే దాదాపు 35 మి.మీ., ఫ్రేముకి రెండు వైపులా నాలుగేసి చిల్లులు. ఫ్రాన్స్‌లో లూమియేర్ సోదరుల తొలి ఫిలింలో ఫ్రేముకి వైపుకొక్కటే గుండ్రటి చిల్లు. కాబట్టి డబ్బా మూత తీసి రెండు వేళ్ళ ఫిలిం చూసినా ముందు సగం దేశాలు, సగం కంపెనీలు లెక్కలోంచి పోతాయి.

#8 సందేహాల_రావు
చిల్లులు చూసి కంపెనీ చెప్పొచ్చా! మరి సంవత్సరం? ఫిలిం అంచు మీద ఏవో గుర్తులుంటాయంటారుగా?

#9 నైట్రేట్_నాని
ఆ అంచు గుర్తులు ఇక్కడ పనికిరావన్నా. ఈస్ట్‌మన్ ఫిలిం మీద చిన్న చిన్న ఆకారాలతో సంవత్సరం తెలిపే పద్ధతి 1910లలో గానీ రాలేదు. 1895-96 ఫిలిం అంచు బోడిగుండు. దాని మీద ఏదైనా అచ్చు కనిపిస్తే అది తర్వాతెప్పుడో తీసిన డూపు, అంటే నకలు ప్రింటు, అని అర్థం.

అందులోనూ ఒక మోసం ఉంది. పాత ప్రింటు నుంచి కొత్త ఫిలిం మీదకి కాపీ తీసినప్పుడు పాత ఫిలిం అంచు నీడ కూడా కొత్తదాని మీద పడుతుంది. అసలు చిల్లు పక్కనే దెయ్యంలా ఇంకో చిల్లు కనిపిస్తుంది. ఆ నీడ చిల్లుల మధ్య దూరం కొలిస్తే పాత ప్రింటు ఎంత కుంచించుకుపోయాక కాపీ తీశారో కూడా చెప్పొచ్చు.

#10 చిల్లుల_లెక్క
నాని చెప్పిన కొలత ఎలా చేస్తారో రాస్తాను, ఎందుకంటే చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

35 మి.మీ. ఫిలింలో ఒక చిల్లు నుంచి పక్క చిల్లుకి 4.75 మి.మీ. ఒక్క చిల్లు కొలిస్తే తేడా తెలియదు. 100 అంతరాలు కొలవాలి. ఫిలింని లాగకుండా, బల్ల మీద చదునుగా పెట్టి, మొదటి చిల్లు పై అంచు నుంచి 101వ చిల్లు పై అంచు దాకా. కొత్త ఫిలిం అయితే 475 మి.మీ. రావాలి. 470 వస్తే ఒక శాతం పైచిలుకు కుంచించుకుపోయింది. 468 వస్తే దాదాపు ఒకటిన్నర శాతం. ఒక శాతం దాటితే ఫిలిం కాపీ తీసే మామూలు ప్రింటరు పళ్ళ చక్రానికి ఎక్కించకూడదు. పన్నుకి చిల్లు అందదు, పక్కన గుచ్చుకుంటుంది, చిల్లుల వరస మొత్తం చిరుగుతుంది.

కానీ 1895 ఫిలిం దగ్గర ఈ లెక్క గుడ్డిగా నమ్మకండి. అప్పట్లో చిల్లులు వర్క్‌షాపులో వాళ్ళే కొట్టుకునేవాళ్ళు. పంచ్ అసలే వంకర. కుంచించుకుపోకముందే 4.75 రాకపోవచ్చు. అందుకే వెడల్పు కూడా కొలిచి రెండూ పోల్చాలి. బొమ్మ తెర మీద పైకీ కిందికీ వణకడానికి ఒక కారణం ఈ పంచే.

#11 తెరచాటు
ఇవన్నీ "1895 ప్రాంతం, ఎడిసన్ కొలత" వరకే తేలుస్తాయి. జేబుదొంగ అని తేల్చవు. అసలు ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

#12 రీలుబాబు
తెరచాటు గారు సరిగ్గా పట్టుకున్నారు. తేల్చేది బొమ్మలో ఉన్న విషయం. ఇక్కడ మన అదృష్టం ఏంటంటే కాంబినేషన్ అరుదైనది. పోలీసు, దొంగ మాత్రమే ఉంటే ఆ కాలంలో పది బొమ్మలకి సరిపోతుంది. మధ్యలో కళాసీ వచ్చి చెయ్యి వేయడం అనేది కేటలాగు వర్ణనకి అతుక్కుంటుంది. అది దొరికాక మిగతావి సాక్ష్యాలుగా నిలబడతాయి: చిల్లులు, ఫిలిం పొడుగు, పక్కనున్న ముక్కలు ఏ సంవత్సరానివి అనేది.

ఆ చివరిది అన్నిటికన్నా ముఖ్యం. జాతర ప్రోగ్రాం అంటే చిన్న చిన్న బొమ్మల కదంబం. వాటిలో కొన్ని ముందే తెలిసినవైతే, తెలియనిదాని చుట్టూ కంచె పడినట్టే. 1896 ప్రోగ్రాంలోని ముక్క 1903లో తీసింది అయ్యే అవకాశం లేదు కదా.

#13 పాతబొమ్మ_పద్మ
కంచె అనే ముందు జాయింట్లు చూడాలి బాబూ. జాతరవాళ్ళు చిరిగిన ముక్క తీసేసి వేరే ముక్క అతికించడం మామూలే. కట్టలోకి తర్వాత ఎవరైనా ఒకటి దూర్చి ఉండొచ్చు. ప్రతి ముక్కకీ విడివిడిగా రాసుకోవాలి: జాయింటు సిమెంటుదా (ఫిలిం అతికే జిగురు), టేపుదా, అతుకు వెడల్పు ఎంత, ముందూ వెనకా ముక్కల కుంచింపు ఒకటేనా. పక్కపక్క ముక్కలు ఒకటి 0.8 శాతం, ఇంకొకటి 1.6 శాతం ఉంటే అవి ఒకే చోట ముసలివి కాలేదు. టేపు కనిపిస్తే ఇక చెప్పనక్కర్లేదు, అది మన తాతల తర్వాతి పని.

#14 రీలుబాబు
ఒప్పుకుంటున్నా. కంచె అన్నది తొందరపాటు మాట. తడిక అనండి.

#15 డబ్బా_దాసు
అసలు ఇంత కష్టం ఎందుకు? అమెరికా పాత బొమ్మలు బోలెడు ఉన్నాయి, బ్రిటన్‌వే ఎందుకు పోయాయి?

#16 లాంతరు95
దాసూ, అమెరికాలో కాపీరైటు కోసం సినిమా మొత్తాన్ని కాగితం మీద ఫొటోలుగా ముద్రించి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇచ్చేవాళ్ళు. 1912 దాకా నడిచింది. ఫిలిం కాలిపోయినా ఆ కాగితపు చుట్టలు మిగిలాయి. మూడు వేలకు పైగా బొమ్మలు అలా బతికాయి. బ్రిటన్‌లో ఆ ఏర్పాటు లేదు. కొందరు కాపీరైటు నమోదు చేసే స్టేషనర్స్ హాల్‌లో ఒకటి రెండు ఫ్రేములు దాఖలు చేసేవాళ్ళు, అవి ఇప్పుడు లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. నేషనల్ ఫిలిం లైబ్రరీ పెట్టింది 1935లో. అంటే మన జేబుదొంగకి అప్పటికే నలభై ఏళ్ళు.

ఇక కైనటోస్కోపు ఫిలిం సంగతి. దండ రోజంతా తిరుగుతుంది, గిలకలన్నిటి మీదా రాసుకుంటుంది. అతుకు దగ్గర మొదట తెగుతుంది, రెండు ఫ్రేములు కత్తిరించి మళ్ళీ అతుకుతారు. అలా అరిగి అరిగి చెత్తలోకి పోయేది. ఎవరూ దాచుకోవాలనుకునే వస్తువు కాదది.

ఒక్కోసారి దారి తప్పిన ముక్కే మిగులుతుంది. బార్నెట్ ఇంటి ముందు తీసిన ఆ మొదటి ట్రయలు ఉందే, అది మొత్తంగా లేదు. 1895 మార్చి నెలాఖరులో పాల్ చిన్న ముక్క ఒకటి ఎడిసన్‌కే పంపాడు, ఫిలింలు మార్చుకుందామని. ఆ ఫ్రేములు మిగిలాయి. ఎవరిని కాపీ కొట్టాడో వాళ్ళ ఇంట్లోనే!

#17 గోదారిగట్టు
దాన్నే అంటారు పొరుగింటి అటక అని.

#18 తెరచాటు
నాకు "తొలి బ్రిటిష్ క్రైమ్ సినిమా" అన్న బిరుదు మీదే అభ్యంతరం. నిమిషం లేని పెనుగులాటని క్రైమ్ సినిమా అంటే మా సందులో కోడి దొంగతనం కూడా క్రైమ్ సినిమానే. నేరం, వెంటాడటం, చోటు మారడం, పట్టుబడటం అనే అల్లిక 1903కి గానీ రాలేదు. షెఫీల్డ్‌లో ఫ్రాంక్ మోటర్‌షా తీసిన ‘ఎ డేరింగ్ డేలైట్ బర్గ్లరీ’ చూడండి. షాటు తర్వాత షాటు, ఒక చోటి నుంచి ఇంకో చోటికి. అసలు లెక్క అక్కడి నుంచి.

#19 నైట్రేట్_నాని
మరి 1901 గౌడీ ఏమయ్యాడు తెరచాటు గారూ?

థామస్ గౌడీ, బ్యాంక్ ఆఫ్ లివర్‌పూల్‌లో లెడ్జరు గుమస్తా. గుర్రప్పందేల అప్పుల్లో ఇరుక్కుని, హడ్సన్ అనే సబ్బుల కోటీశ్వరుడి ఖాతా మీద దొంగ చెక్కులు రాశాడు. లెడ్జరు చేతిలోనే ఉంది కాబట్టి చెక్కు తిరిగొచ్చాక మాయం చేసేవాడు, ఖాతాలో పడేది కాదు. మొత్తం 1,70,000 పౌండ్ల దాకా. అతని జీతం ఏడాదికి 150. 1901 డిసెంబరులో బూటిల్‌లో పట్టుకున్నారు. కొద్ది రోజుల్లోనే బ్లాక్‌బర్న్‌కి చెందిన మిచెల్, కెన్యన్ కెమెరా పట్టుకెళ్ళి, అసలు చోట్లలోనే నటులతో అరెస్టు మళ్ళీ చేయించి ‘అరెస్ట్ ఆఫ్ గౌడీ’ తీశారు. కోర్టులో విచారణ 1902 ఫిబ్రవరిలో. తీర్పుకంటే ముందు బొమ్మ ఆడేసింది.

#20 తెరచాటు
గౌడీ వార్త. సినిమా కాదు.

#21 నైట్రేట్_నాని
నటులు వేషం వేసి అరెస్టు చేస్తే వార్తెలా అవుతుంది? టీవీలో రాత్రి పదింటికి వచ్చే నేరాల ప్రోగ్రాం వార్తా, నాటకమా? అదే జాతి. దానికి ముత్తాత గౌడీ.

#22 పాతబొమ్మ_పద్మ
ఈ గొడవ మళ్ళీ పెట్టుకోండి. ఈ దారంలో (థ్రెడ్‌లో) నాకు ముఖ్యమనిపించింది వేరే. గౌడీ దొరికిన తీరు, జేబుదొంగ దొరికిన తీరు తలకిందులు.

1994లో బ్లాక్‌బర్న్‌లో మిచెల్ గారి పాత కొట్టు నేలమాళిగలో పనివాళ్ళకి మూడు లోహపు పీపాలు కనపడ్డాయి. లోపల ఎనిమిది వందలకు పైగా నెగటివ్ చుట్టలు. పీటర్ వర్డెన్ అనే స్థానిక సినీ చరిత్రాభిమాని వాటిని కాపాడాడు, 2000లో 826 చుట్టలు బ్రిటిష్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ (బీఎఫ్ఐ)కి చేరాయి. గౌడీ అందులోదే. అక్కడ సమస్య: ఫిలిం చేతిలో ఉంది, చాలావాటికి పేరూ ఊరూ తెలియదు. దుకాణాల బోర్డులు, ట్రాముల మీది రాతలు, స్థానిక పేపర్లలో షో ప్రకటనలు కలిపి చూసి ఒక్కొక్కటీ గుర్తుపట్టారు.

జేబుదొంగ దగ్గర కాగితం మీద పేరుంది, ఫిలిం లేదు. గౌడీ దగ్గర ఫిలిం ఉంది. పైగా అది కెమెరాలో తిరిగిన అసలు నెగటివ్. జేబుదొంగది జాతరలో నలిగిన ప్రింటు. రెండు క్లిప్పులు పక్కపక్కన పెట్టి "పాతది కాబట్టి మసక" అనేవాళ్ళు ఈ తేడా చూడాలి. ఆరేళ్ళ వయసు తేడా వల్ల వచ్చిన మసక కాదది.

#23 డబ్బా_దాసు
ఒక డౌటు. పెట్టెలో చూసే ఫిలింని డేరాలో తెర మీద వేస్తే సరిపోతుందా?

#24 లాంతరు95
మంచి ప్రశ్న. కొలత సరిపోతుంది, వెలుగు సరిపోదు. కైనటోస్కోపు ఫిలిం బేసు (బొమ్మ పొరని మోసే అడుగు పట్టీ) చాలావరకు పాలగాజులా ఉండేది. పెట్టెలో దీపం ఫిలిం వెనకే దగ్గరగా ఉంటుంది కాబట్టి ఆ మసక వెలుగుని సమంగా పరుస్తుంది, మంచిదే. అదే ఫిలింని ప్రొజెక్టర్‌లో పెడితే సగం వెలుగు బేసులోనే చెదిరిపోతుంది. డేరాలో వెనక బెంచీకి ఏమీ కనపడదు. తెర మీద వేయడానికి పారదర్శకమైన బేసు మీద ప్రింటు కావాలి. అందుకని 1896లో డేరాలో ఆడిన ప్రింటు, 1895లో పెట్టెలో తిరిగిన ప్రింటు ఒకటే అనుకోకూడదు. నెగటివ్ ఒకటే అయి ఉండొచ్చు, ప్రింటు వేరు.

#25 సందేహాల_రావు
ఇప్పుడు స్పీడు సంగతి చెప్పండి. నేను చూసిన క్లిప్పులో దొంగ ఎలక పరిగెత్తినట్టు పరిగెత్తాడు.

#26 చిల్లుల_లెక్క
అడుగుకి 16 ఫ్రేములు. అప్పటి బొమ్మ 40 అడుగులు అనుకుంటే 640 ఫ్రేములు. సెకనుకి 40 చొప్పున పోనిస్తే 16 సెకన్లు. 24 చొప్పున దాదాపు 27. 16 చొప్పున 40 సెకన్లు. ఎడిసన్ పెట్టెలు 40 చుట్టుపక్కల వేగంతో తిరిగేవి, డేరాలో ఆపరేటరు చేత్తో తిప్పేవాడు, అతని ఓపికను బట్టి వేగం. కాబట్టి "అసలు నిడివి ఎంత" అని అడిగితే సెకన్లలో చెప్పలేం, అడుగుల్లో చెప్పాలి. అందుకే పాత కేటలాగులన్నీ అడుగుల్లోనే.

మీ క్లిప్పుని ఇలా చూడండి. ముందు డౌన్‌లోడ్ చేసి వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ‘ఇ’ ఇంగ్లీషు అక్షరం నొక్కుతూ ఫ్రేము ఫ్రేముగా జరపండి. పక్కపక్క ఫ్రేములు అచ్చంగా ఒకటే వస్తుంటే వేగం సరిచేయడానికి ఫ్రేములు రెట్టించారని అర్థం. ఏదీ రెట్టింపు లేకుండా 24తో నడుస్తుంటే ప్లేబ్యాక్ మెనూలో స్పీడు 0.67కి తగ్గించండి, 16 ఫ్రేముల లెక్కకి వస్తుంది. నడక చూసి సరిచేయొద్దు, పరుగెత్తేవాడి నడక మనకి తెలియదు. కింద పడే వస్తువు గానీ, వేలాడే బట్ట గానీ చూడండి. గురుత్వం 1895లో కూడా ఇంతే.

60 ఫ్రేముల వీడియో అయితే వదిలేయండి. 16 నుంచి చేశారనుకుంటే సెకనుకి 44 ఫ్రేములు యంత్రం ఊహించి గీసినవి. పెనుగులాట దగ్గర మూడు చేతులు ఒకదాంట్లో ఒకటి కరిగిపోతాయి. ఎవడి చెయ్యి ఎవరి కాలరు మీద ఉందో చూడాలనుకునేవాడికి అది విషం.

#27 టూరింగ్_టాకీస్
"గురుత్వం 1895లో కూడా ఇంతే" అనేది ఈ గ్రూపు గోడ మీద రాయించాలి.

#28 నైట్రేట్_నాని
బొమ్మ కుడి ఎడమ తారుమారైందేమో కూడా చూడండి రావు గారూ. ఫిలింని తిరగేసి స్కాన్ చేస్తే దొంగ ఎడమ నుంచి వచ్చేవాడు కుడి నుంచి వస్తాడు, ఎవరూ గమనించరు. వీధి బోర్డు ఉంటే అక్షరాలు చెప్పేస్తాయి. లేకపోతే మగవాళ్ళ కోటు చూడండి, ఎడమ భాగం కుడి భాగం మీదికి వచ్చి బొత్తాలు పడాలి. లండన్ కానిస్టేబుల్ అయితే డ్యూటీలో ఉన్నప్పుడు ఎడమ చేతి మణికట్టు దగ్గర చారల పట్టీ కట్టుకునేవాడు. అది కుడిచేతికి కనిపిస్తే బొమ్మ తిరగబడింది.

#29 కెమెరా_కన్ను
ఇంతసేపూ పాల్, పాల్ అంటున్నారు. తీసింది బర్ట్ ఏకర్స్. పేరు అతనిది వేయాలి.

#30 లాంతరు95
ఇద్దరిదీ వేయాలి. కెమెరా తిప్పింది ఏకర్స్, కెమెరా చేయించి డబ్బు పెట్టి బొమ్మలు అమ్మింది పాల్. మే 27న ఏకర్స్ కెమెరాకి తన ఒక్కడి పేరు మీద పేటెంటుకి అర్జీ పెట్టుకున్నాడు. ఎండాకాలం కల్లా ఇద్దరూ విడిపోయారు. ఏకర్స్ జర్మనీ వెళ్ళి జూన్‌లో కీల్ కాలువ ప్రారంభం తీశాడు. కెమెరా ఎవరి ఆలోచన అని ఇద్దరూ జీవితాంతం వాదించుకున్నారు. ఆ వాదనకి మన జేబుదొంగ సాక్షి అంతే, తీర్పరి కాదు.

#31 గోదారిగట్టు
పాల్ ఆ పెట్టెల్ని పెట్టిందెక్కడో తెలుసా? 1895లో ఎర్ల్స్ కోర్ట్‌లో జరిగిన ‘ఎంపైర్ ఆఫ్ ఇండియా ఎగ్జిబిషన్’లో. మన పేరు మీద జాతర, వాళ్ళ బయోస్కోపు పెట్టెలు.

#32 పాతబొమ్మ_పద్మ
మనకి దగ్గరి చుట్టరికం ఇంకొకటుంది. రఘుపతి వెంకయ్య గారి అబ్బాయి ప్రకాష్ సినిమా పని నేర్చుకోవడానికి వెళ్ళింది లండన్ ఈలింగ్‌లోని బార్కర్ స్టూడియోకే. తిరిగొచ్చి మద్రాసులో ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశారు. అది ఈ రోజుకీ కనబడుటలేదు జాబితాలోనే ఉంది. మన మూకీలు 1,300 దాకా తీస్తే పట్టుమని ముప్ఫై కూడా మిగల్లేదు. 1964లో పుణె ఆర్కైవ్ పెట్టేసరికే చాలావరకు పోయాయి, ఉన్న నైట్రేటులో (ఇట్టే అంటుకునే పాతకాలపు ఫిలిం) కొంత 2003 అగ్నిప్రమాదంలో పోయింది.

#33 డబ్బా_దాసు
అందుకే అడుగుతున్నా. పాత హాళ్ళు కూల్చేటప్పుడు డబ్బాలు బయటపడుతుంటాయి. అలాంటివి కనపడితే ఏం చేయాలి? ఎలా తెలుస్తుంది నైట్రేటని?

#34 నైట్రేట్_నాని
మొదట చేయకూడనివి. అగ్గిపుల్ల వెలిగించి చూడొద్దు. నెట్‌లో ఆ పరీక్ష రాసినవాడిని తన్నాలి. నైట్రేటు మండేటప్పుడు ఆక్సిజన్ తానే పుట్టించుకుంటుంది, నీళ్ళు పోసినా ఆగదు, వచ్చే పొగ విషం. ప్రొజెక్టర్‌లో ఎక్కించొద్దు. గట్టిగా చుట్టుకుపోయిన దాన్ని చేత్తో విప్పొద్దు, పొర ఊడి పక్క చుట్టుకి అతుక్కుంటుంది, బొమ్మ అక్కడితో సరి.

వాసన చూడొచ్చు, మొహం దూరంగా పెట్టి. వెనిగర్ వాసనైతే అసిటేటు, అంటే నైట్రేటులా భగ్గున మండని ‘సేఫ్టీ’ ఫిలిం. ఘాటుగా, ముక్కు మండేలా ఉంటే నైట్రేటు. అంచు మీద ఇంగ్లీషులో ‘సేఫ్టీ’ అని ఉంటే కాస్త ఊపిరి పీల్చుకోండి, అయినా డూపులో ఆ అక్షరాల నీడ కూడా పడి ఉండొచ్చు, #9 చూడండి. 1951 తర్వాతదైతే చాలావరకు నైట్రేటు కాదు, అంతకుముందుదైతే నైట్రేటే అనుకుని నడవండి.

పాడైపోవడం ఐదు మెట్లు. మొదట బొమ్మ వెలిసి గోధుమరంగు తిరుగుతుంది. తర్వాత జిగురు. తర్వాత బుడగలు, తేనెలాంటి నురగ. తర్వాత మొత్తం ఒకే ముద్ద. చివరికి గోధుమరంగు పొడి. మొదటి రెండు మెట్లలో మొత్తం కాపీ తీయొచ్చు, మూడో మెట్టులో మధ్య మధ్య ముక్కలు దక్కుతాయి. ఆ చివరి మెట్ల సరుకే ప్రమాదం, 40 డిగ్రీల చుట్టుపక్కల వేడి చాలారోజులు తగిలితే తనంతట తానే అంటుకోగలదు. మన మే నెల ఎండలో రేకుల షెడ్డు ఎంత ఉంటుందో మీకే తెలుసు.

నీడకి మార్చండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి, గాలి ఆడనివ్వండి, బిగుతుగా సీలు చేయొద్దు. డబ్బా మీది రాతలకి ఫొటో తీసి ఆర్కైవ్‌కి ఫోను చేయండి. కొరియర్లో వేయొద్దు, అది యూఎన్ 1324 ప్రమాదకర సరుకు, మామూలు పార్సిల్ కాదు.

#35 చిల్లుల_లెక్క
డబ్బా మీద పేరుని నమ్మొద్దని కూడా చేర్చండి. డబ్బాలు మార్చి మార్చి వాడతారు. పేరు ఒకటి, లోపల ఇంకొకటి. "పోయిన" బొమ్మలు కొన్ని అలాగే వేరేవాళ్ళ పేరుతో అరలో కూర్చుని ఉంటాయి. డెర్బీ 1895 కూడా పోయిందనే అనుకున్నారు, 1990లలో ఒక సేకరణలో దొరికిన ఫిలింలో గుర్తుపట్టారు.

#36 కెమెరా_కన్ను
గీతలు పోగొట్టడం గురించి ఎవరూ చెప్పలేదు. వెట్ గేట్ పెడితే అన్నీ పోతాయిగా?

#37 పాతబొమ్మ_పద్మ
అన్నీ పోవు. వెట్ గేట్‌లో ఫిలింని పెర్‌క్లోరో ద్రవంలో తడుపుతూ స్కాన్ చేస్తారు. ఆ ద్రవం బేసు వంచినంతే వెలుగుని వంచుతుంది కాబట్టి బేసు మీది గీత నిండిపోయి కనపడదు. బొమ్మ ఉన్న పొర మీద గీత లోతుగా పడితే అక్కడ బొమ్మని ఏర్పరిచే వెండే లేదు, నింపడానికి ఏమీ ఉండదు. ఇంకో సంగతి, పాత ప్రింటు మీది గీతలు డూపులో ఫొటోగా పడిపోయి ఉంటాయి. అవి గీతలు కావు, గీతల బొమ్మలు. ఏ ద్రవమూ కదపలేదు. నల్ల గీతా, తెల్ల గీతా చూసి ఏ తరంలో పడిందో చెప్పొచ్చు.

#38 సందేహాల_రావు
క్లిప్పు ఫ్రేము ఫ్రేముగా జరిపి చూశాను. ప్రతి రెండు ఫ్రేములకీ ఒకటి రెట్టింపు వస్తోంది. అంటే ముందే సరిచేసినదే. నేను దాన్ని మళ్ళీ 0.67కి తగ్గించి చూసి "నాటు నటన" అనుకున్నాను.

#39 చిల్లుల_లెక్క
రెండు అసలు, ఒకటి నకలు. 16ని 24 చేసే లెక్క అదే. స్పీడు 1కి తెచ్చి చూడండి.

#40 తెరచాటు
చూశాక చెప్పండి, అది క్రైమ్ సినిమానా, సందు గొడవా.

#41 మోడరేటర్
దారం పేరులో "కనబడుటలేదు" తీసేయమని ఇద్దరు అడిగారు. తీస్తే పాత లింకులు పోతాయి. పేరు చివర "(దొరికాడు, #2 చూడండి)" అని చేరుస్తున్నాను. గౌడీకి వేరే దారం తెరిచాను, వార్తా సినిమానా అనే గొడవ అక్కడ పెట్టుకోండి.

#42 టూరింగ్_టాకీస్
కళాసీకి కూడా ఒక దారం తెరవండి సార్. పట్టుకుంది అతను, పేరు మాత్రం దొంగది.